పీజీ చేస్తూ తల్లి కావడం: డ్యూటీలు చేసే డాక్టరమ్మల రోజు ఎలా గడుస్తుంది?

ఓరుగల్లు_పీజీ
జనరల్ మెడిసిన్ పీజీ రెండో ఏడాది, ప్రభుత్వ కాలేజీ. ఇప్పుడు ఐదో నెల. యూనిట్‌లో చెప్పిన రోజు నుంచి అందరి మొహాలూ మారిపోయాయి. "ఇప్పుడే కావాల్సి వచ్చిందా" అని ఒక సీనియర్ మొహం మీదే అన్నాడు. సెలవు పెడితే కోర్సు పొడిగిస్తారంటున్నారు, పరీక్ష వెనక్కి పోతుందంటున్నారు, స్టైపెండ్ సంగతి అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు. ఇంట్లో అమ్మేమో "నువ్వే డాక్టరువి, నీకు తెలియనిదా" అంటుంది. నాకు షుగర్ పేషెంట్‌ని చూడటం తెలుసు గానీ పసిబిడ్డకి నీళ్ళు పోయడం తెలియదు కదా. డ్యూటీలు చేస్తూ పిల్లల్ని పెంచుతున్న డాక్టర్లు ఇక్కడ ఉంటే మీ రోజు నిజంగా ఎలా ఉంటుందో చెప్పండి. "అన్నీ అవే సర్దుకుంటాయి" అనకండి, ఆ మాట రోజూ వింటున్నాను, విన్నకొద్దీ టెన్షన్ పెరుగుతోంది.

సీతాఫలం
నేను డాక్టర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. ఆ సీనియర్ అన్న మాటకి నాకే ఒళ్ళు మండింది. అతన్ని కన్నతల్లికి కూడా ఎవరో ఒకరు ఆ మాట అనే ఉంటారు.

మత్తు_డాక్టరమ్మ
నేను అనస్థీషియా, మా ఊళ్ళో మత్తు డాక్టరమ్మ అంటారు. సీనియర్ రెసిడెంట్‌ని (పీజీ అయ్యాక చేసే పోస్టు), కోస్తాలో ఒక పెద్ద ఆసుపత్రి. పాపకి ఎనిమిదో నెల నడుస్తోంది, సెలవు అయిపోయి డ్యూటీలో చేరాను. ఏది అడిగినా చెప్తాను, నా ఇంటి సంగతైనా సరే.

ముందు నీ సెలవు గురించి. 2023లో వచ్చిన పీజీ నిబంధనల్లోనే ఉంది, ఆడ పీజీలకు ప్రభుత్వ రూల్స్ ప్రకారం ప్రసూతి సెలవు ఇవ్వాలని. మగవాళ్ళకి పితృత్వ సెలవు కూడా ఉంది. 80 శాతం హాజరు నిబంధన ఉంది కాబట్టి తగ్గిన రోజుల్ని పూడ్చడానికి కోర్సు పొడిగిస్తారు, పరీక్ష తర్వాతి విడతకి పోవచ్చు. అది నష్టమే, కాదనను. కానీ నీ విభాగాధిపతి (హెచ్‌ఓడీ) దయతలచి ఇచ్చేది కాదు ఆ సెలవు. నోటితో అడగొద్దు. అప్లికేషన్ రాసి, స్కానింగ్ రిపోర్టు జతచేసి, డిపార్ట్‌మెంట్‌లోనూ ప్రిన్సిపాల్ ఆఫీసులోనూ ఇచ్చి, ఇన్‌వర్డ్ నంబర్ (అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకుని ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. పొడిగించిన కాలానికి స్టైపెండ్ వస్తుందా రాదా అన్నది కూడా కాగితం మీదే అడుగు, జవాబు కాగితం మీదే తీసుకో. కారిడార్‌లో నిలబడి "చూద్దాంలే అమ్మా" అన్న మాటకి విలువ లేదు, మనిషి బదిలీ అయితే ఆ మాట కూడా బదిలీ అవుతుంది.

గోదారి_గట్టు
మేడం చెప్పిన ఇన్‌వర్డ్ నంబర్ మాట బంగారం. మా ఆవిడ పిల్లల డాక్టరు, ఆవిడ అప్లికేషన్ మూడు టేబుళ్ళు తిరిగి తప్పిపోయింది, కాపీ ఉండబట్టి బతికాం. మా బాబు అప్లికేషన్ కంటే ముందే ఇంటికొచ్చాడు.

ఆర్థో_బాబు
ఇది రాస్తే అందరూ నా మీద పడతారని తెలుసు, అయినా రాస్తున్నాను. మా యూనిట్‌లో ఒకావిడ సెలవులో వెళ్ళారు, ఆవిడ బదులు ఎవరినీ వేయలేదు. ఉన్నవాళ్ళం పంచుకున్నాం. ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసి బండి మీద రూమ్‌కి వెళ్తూ కునుకు పట్టి డివైడర్‌కి కొట్టుకున్నాను. ఆవిడ బిడ్డకి నేనేమీ శత్రువుని కాదు, కానీ నా నిద్ర గురించి ఎవరూ మాట్లాడరు. పొడిగింపు ఆవిడకి ఉంటుంది, ఆ నెలల్లో మేము చేసిన అదనపు డ్యూటీలకి మాకు ఏముంటుంది?

సీతాఫలం
అంటే ఏంటి బాబూ, డాక్టర్లు పిల్లల్ని కనకూడదా?

ఆర్థో_బాబు
నేనలా అనలేదండి. రాసింది మళ్ళీ ఒకసారి చదవండి.

మత్తు_డాక్టరమ్మ
సీతాఫలం గారూ, ఆగండి, తమ్ముడు చెప్పింది నిజం. నీ కోపం న్యాయమైనదే తమ్ముడూ, కానీ అది ఆమె మీద చూపించాల్సింది కాదు. పీజీలు, సీనియర్ రెసిడెంట్ల డ్యూటీల కోసం కేంద్రం పెట్టిన 1992 నాటి రెసిడెన్సీ పథకంలోనే ఉంది, మామూలుగా ఏకబిగిన పన్నెండు గంటలు మించి డ్యూటీ వేయకూడదని, వారానికి 48 గంటలని. 2024లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) వేసిన టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దనీ ఒకరోజు సెలవు ఉండాలనీ చెప్పింది. రెండూ కాగితం మీదే ఉండిపోయాయి. ఒక్క మనిషి సెలవు పెడితే కూలిపోయే యూనిట్ అంటే, ఆ మనిషి ఉన్నప్పుడు కూడా అది నడవాల్సిన పద్ధతిలో నడవలేదన్నమాట. గర్భం అనేది నెలల ముందే తెలిసే సెలవు, బదులు మనిషిని వెతుక్కోవడానికి ఇంతకంటే ముందస్తు నోటీసు ఏ జబ్బూ ఇవ్వదు. మీరూ ఆవిడా కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టి "బదులు ఇవ్వండి" అని అడగాలి. మా దగ్గర మేం అలాగే అడిగాం, ఒక జూనియర్‌ని పక్క యూనిట్ నుంచి సర్దారు.

ఇంకో మాట, డ్యూటీ తర్వాత బండి నడపొద్దు. ఆటో ఎక్కు.

ఆర్థో_బాబు
కలిసి అడగడం అనే ఆలోచన మాకెవరికీ రాలేదు. మేము ఆవిడతో మాట్లాడటమే మానేశాం, అదే జరిగింది.

బర్మింగ్‌హామ్_బుజ్జి
ఇక్కడ బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో యాభై రెండు వారాల వరకు సెలవు తీసుకోవచ్చు, అందులో 39 వారాల వరకు చట్టప్రకారం ఎంతో కొంత జీతం వస్తుంది. సెలవులో ఉండగానే పది రోజుల వరకు వచ్చి పనిచేయొచ్చు, చేయి తప్పిపోకుండా ఉండటానికి, దానికి జీతం వేరు. తిరిగొచ్చాక పూర్తి సమయం కాకుండా తక్కువ గంటల ట్రైనింగ్ అడగొచ్చు, చాలామంది తల్లులు అలాగే చేస్తారు, ట్రైనింగ్ ఎక్కువ ఏళ్ళు పడుతుంది అంతే, చేతగానివాళ్ళుగా చూడరు. కాకపోతే ఇక్కడ అమ్మ ఉండదు, అత్త ఉండదు, డేకేర్ ఖర్చు జీతంలో పెద్ద భాగం మింగేస్తుంది. నెల బిడ్డతో నేనూ మా ఆయనా నవంబరు చలిలో ఒంటరిగా ఉన్నప్పుడు, మా పిన్ని వీడియోలో కనిపించి నీళ్ళు ఎలా పోయాలో చెప్తుంటే ఫోన్‌ని కుళాయి పక్కన పెట్టుకుని పోశాం.

డల్లాస్_నాన్న
అమెరికాలో దేశం మొత్తానికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టమే లేదు. 1993 నాటి చట్టం ప్రకారం పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా, అదీ అర్హత ఉన్నవాళ్ళకే. డాక్టర్ల బోర్డులు మాత్రం 2021 జులై నుంచి ఒక నియమం పెట్టాయి, ట్రైనింగ్ పొడిగించకుండా కనీసం ఆరు వారాలు ఒకసారి తీసుకోనివ్వాలని. మా ఆవిడ ఆరు వారాలకే వెళ్ళింది. ఇండియాలో 26 వారాలని చెప్తే తన తోటివాళ్ళు నమ్మలేదు.

స్టాఫ్‌నర్స్_రాయలసీమ
26 వారాలు 26 వారాలు అంటున్నారు, అది ఎవరికి? నేను కాంట్రాక్టు నర్సుని. నాకు పురుడు వచ్చినప్పుడు కాంట్రాక్టు ఇంకా రెండు నెలలే ఉంది. "రెన్యువల్ అప్పుడు చూద్దాం" అన్నారు, ఆ చూడటం ఎప్పటికీ జరగలేదు. సిజేరియన్ కుట్లు పూర్తిగా మానకముందే వేరే ఆసుపత్రిలో చేరాను. ఇక డాక్టరమ్మ గారిని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు డ్యూటీకి వెళ్తే మీ పాపని చూసే ఆయమ్మకి పిల్లలు లేరా? ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు?

పెద్దమ్మ_తెనాలి
అడగాల్సిన మాట అడిగావు తల్లీ.

మత్తు_డాక్టరమ్మ
కోపం ఎందుకండీ. ఇది నేనూ చాలాసార్లు ఆలోచించిన ప్రశ్న.

మా ఇంటికి వచ్చే ఆవిడకి నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. పొద్దున అంగన్‌వాడీకి వెళ్తాడు, మధ్యాహ్నం నుంచి మా ఇంటికే వస్తాడు, మా పాప వాడిని చూసి నవ్వినట్టు నన్ను చూసి నవ్వదు. ఆవిడకి వారానికి ఒకరోజు సెలవు, బాబుకి జ్వరం వస్తే జీతం కోయకుండా సెలవు, నేను నైట్‌లో ఉంటే అదనపు డబ్బు. ఇది ఏదో ఔదార్యం అని రాయట్లేదు, మనం ఆసుపత్రిని ఏం అడుగుతున్నామో అదే మన ఇంట్లో పనిచేసే తల్లికి ఇవ్వకపోతే మన నోటితో అడిగే హక్కు ఉండదు.

మీ విషయానికి వస్తే, కాంట్రాక్టు అయినా ప్రసూతి సెలవు చట్టం వర్తిస్తుంది. ముందటి పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి, అంతే. కాంట్రాక్టు మధ్యలో అయిపోతే సెలవు కూడా అయిపోతుందని చాలా ఆఫీసుల్లో చెప్తారు. అది తప్పని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. డాక్టర్ కవితా యాదవ్ కేసు, ఆవిడ ఢిల్లీలో పాథాలజీ సీనియర్ రెసిడెంట్, నాలాంటి పోస్టే. మూడేళ్ళ కాంట్రాక్టు పూర్తయ్యే ముందు ప్రసూతి సెలవు అడిగితే, కాంట్రాక్టు ఉన్న కొద్ది రోజులకే ఇస్తామన్నారు. ట్రైబ్యునల్‌లోనూ హైకోర్టులోనూ ఓడిపోయి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కాంట్రాక్టు ముగిసిన తర్వాత కూడా ప్రసూతి ప్రయోజనాలు పూర్తిగా ఇవ్వాలని అక్కడ చెప్పారు. మీ అప్లికేషన్‌లో ఈ కేసు పేరు రాయండి. మీ తర్వాత వచ్చే నర్సులకైనా చెప్పండి.

స్టాఫ్‌నర్స్_రాయలసీమ
ఇది నాకెవరూ చెప్పలేదు మేడం. స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూపులో పెట్టాను, అప్పుడే ఇద్దరు ఫోన్ చేశారు.

ఓరుగల్లు_పీజీ
అక్కా, మీ రోజు ఎలా ఉంటుందో చెప్తానన్నారు కదా. పాలు ఎలా? ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో కేసు మధ్యలో వదిలి రాలేరు కదా.

మత్తు_డాక్టరమ్మ
రాలేను. అదే మా బ్రాంచి కష్టం. సర్జన్ అయినా చేతులు కడుక్కుని ఒక నిమిషం బయటికి వస్తాడేమో గానీ, మత్తులో ఉన్న మనిషిని వదిలి మత్తు డాక్టర్ కదలకూడదు. రొమ్ములు రాయిలా గట్టిపడి గౌను తడుస్తున్నా మానిటర్ మీద నుంచి చూపు తీయడానికి లేదు.

తెల్లవారుజామున పాప లేస్తుంది, అప్పుడు కడుపునిండా ఇస్తాను. బయల్దేరే ముందు మళ్ళీ ఒకసారి. ఎనిమిదింటికి ఓటీ. మొదటి కేసు అయ్యాక, రెండోది టేబుల్ మీదకి వచ్చేలోపు ఉన్న సందులో పంప్‌తో పాలు తీసుకుంటాను. మామూలుగా మూడు గంటలకోసారి తీయాలి, పెద్ద కేసు పడితే ఆ లెక్క తప్పుతుంది. తప్పకూడదని ముందు రోజే లిస్టు చూసి, మధ్యలో ఒక గంట విడిపించమని తోటి మత్తు డాక్టర్‌ని అడుగుతాను. సిగ్గుపడితే పాలు ఆగవు, గడ్డలు కడతాయి, జ్వరం వస్తుంది, అప్పుడు సెలవు పెట్టాల్సి వస్తుంది, దానికంటే గంట అడగడం అందరికీ మేలు.

మొదట్లో పంప్ చేసుకోవడానికి చోటు లేదు. బట్టలు మార్చుకునే గదికి గడియ లేదు. బాత్రూమ్‌లో చేయమన్నారు ఒకరు, మీరు భోజనం బాత్రూమ్‌లో చేస్తారా అని అడిగాను. సూపరింటెండెంట్‌కి రాసిచ్చాను. చట్టంలో ఉన్నది రాశాను: బిడ్డకి పదిహేను నెలలు నిండేవరకు పాలివ్వడానికి మామూలు విరామం కాకుండా రోజుకి రెండు విరామాలు ఇవ్వాలి, యాభై మందికి తగ్గకుండా పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే గది) ఉండాలి, తల్లి అక్కడికి రోజుకి నాలుగుసార్లు వెళ్ళిరావచ్చు. క్రెష్ ఇంకా రాలేదు. గది వచ్చింది. దుప్పట్లు పెట్టే స్టోర్‌లో ఒక మూల ఖాళీ చేసి, గడియ పెట్టి, ప్లగ్ పాయింట్, కుర్చీ ఇచ్చారు. ఇప్పుడు అక్కడికి ఇద్దరు నర్సులు, ఒక ల్యాబ్ అమ్మాయి కూడా వస్తారు. తలుపు మీద ఎవరో "మెల్లగా తట్టండి" అని రాసి అంటించారు.

తీసిన పాలు ఐస్ ప్యాక్ ఉన్న సంచిలో పెట్టుకుంటాను. 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు ఉంటాయంటారు, మన మే నెలలో గది వేడి అంతకు ఎంత ఎక్కువో చెప్పక్కర్లేదు కాబట్టి నేను బయట పెట్టను. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, మన కరెంటు కోతలు చూసి నేను ఒక రోజులో వాడేస్తాను. తలుపు అరల్లో కాదు, లోపల వెనక్కి పెట్టాలి. వేడి చేయడం అంటే గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో సీసా పెట్టడమే, మైక్రోవేవ్ వద్దు, ఒక చోట కాలిపోతాయి.

పెద్దమ్మ_తెనాలి
సీసాతో పట్టిస్తున్నారా బిడ్డకి?

మత్తు_డాక్టరమ్మ
లేదు పెద్దమ్మగారూ. ఉగ్గుగిన్నె. మా అత్తగారి అత్తగారిది, వెండిది. నేను సీసాలు కొనడానికి సిద్ధమైతే ఆవిడే పెట్టెలోంచి తీశారు. ఉడకబెట్టడం తేలిక, మూలల్లో పాలు ఇరుక్కోవు, పీల్చే అలవాటు మారి రొమ్ము పట్టకపోవడం అనే బాధ లేదు. నెలలు నిండని పిల్లల వార్డుల్లో మేం వాడే పాలాడై కూడా అలాంటిదే. ఇప్పుడు నా పాలు ఆవిడ ఉగ్గుగిన్నెతో పడుతుంటే చూడాలి, పాప రెండు చేతులతో ఆవిడ వేలు పట్టుకుని తాగుతుంది.

ఆరు నెలలు దాటింది కాబట్టి ఇప్పుడు మెత్తటి అన్నం, పప్పు, నెయ్యి కూడా తింటోంది. పాలు రెండేళ్ళ దాకా ఇవ్వాలని ఉంది, చూడాలి.

పెద్దమ్మ_తెనాలి
మంచిది. మరి పథ్యం చేశావా? ఈ కాలం పిల్లలు బాలింతగా ఉండగానే ఐస్‌క్రీం తింటారు. మా రోజుల్లో నెలంతా వెల్లుల్లి కారం, వేడన్నం, తలకి గుడ్డ, చెవుల్లో దూది, సాంబ్రాణి. నీళ్ళు ఎక్కువ తాగనిచ్చేవాళ్ళు కాదు, పొట్ట వస్తుందని.

మత్తు_డాక్టరమ్మ
వెల్లుల్లి కారం నెలంతా తిన్నానండీ, ఇప్పటికీ తింటాను. సొరకాయ, మెంతికూర, పాలు, నెయ్యి అన్నీ. వేడినీళ్ళ స్నానం, ఒళ్ళు పట్టించుకోవడం అంతటి సుఖం ఇంకోటి లేదు. మా అమ్మ నన్ను మంచం దిగనివ్వకుండా చూసిన ఆ మొదటి వారాలు లేకపోతే నేను డ్యూటీకి ఈ ఒంటితో వెళ్ళగలిగేదాన్ని కాదు.

నీళ్ళ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను, అమ్మతో కూడా ఒప్పుకోలేదు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ వేస్తుంది, ఎంత వేస్తే అంత తాగాలి. కాన్పు అయిన వారాల్లో రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే పెరిగి ఉంటుంది, దానికి తోడు ఒంట్లో నీళ్ళు తగ్గితే ప్రమాదం.

ఓరుగల్లు_పీజీ
ఇది నేను చెప్తాను. మా వార్డులో చూస్తాం. కాన్పు అయ్యి రెండో వారమో మూడో వారమో, భరించలేని తలనొప్పి, వాంతులు, ఫిట్స్‌తో తీసుకొస్తారు. స్కాన్ చేస్తే మెదడు సిరల్లో రక్తం గడ్డ. అడిగితే ఇంట్లో నీళ్ళు కొలిచి ఇచ్చారని చెప్తారు. నీళ్ళు ఆపడం ఒక్కటే కారణం అని కాదు, కానీ ఆపొద్దు. సమయానికి తెస్తే చాలామంది కోలుకుంటారు. బాలింతకి తలనొప్పి అంటే దిష్టి తీసి పడుకోబెట్టకండి.

పెద్దమ్మ_తెనాలి
మా చిన్న ఆడపడుచు అలాగే పోయింది, పురిట్లో ఫిట్స్ వచ్చి. గాలి సోకిందన్నారు. ఇన్నేళ్ళకి వింటున్నాను ఈ మాట.

సీతాఫలం
అయ్యో పెద్దమ్మా.

మత్తు_డాక్టరమ్మ
పెద్దమ్మగారూ, ఆ రోజుల్లో స్కాన్‌లు లేవు, ఎవరికీ తెలిసే దారి లేదు. ఇప్పుడు మీరు మీ వీధిలో ఒక్క బాలింత ఇంట్లో చెప్పినా మా వార్డు మాటకంటే ఎక్కువ వింటారు.

పసిపిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒంటికి నూనె రాయండి, ముక్కులో చెవిలో పోయకండి. ఆముదం నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. కాటుక కంట్లో వద్దు. విటమిన్ డి చుక్కలు మాత్రం రోజూ 400 యూనిట్లు, మన ఎండ ఉందిగా అనుకోవద్దు, మనం పిల్లల్ని ఎండలో ఉంచం.

గోదారి_గట్టు
వెన్నులో ఇంజక్షన్ ఇస్తే జీవితాంతం నడుం నొప్పి అంటారు కదా మేడం, మీరే ఇచ్చేవాళ్ళు కాబట్టి మిమ్మల్నే అడగాలి. మా అక్క పదేళ్ళ నుంచి ఆ ఇంజక్షన్‌నే తిడుతోంది.

మత్తు_డాక్టరమ్మ
రోజూ వినే ప్రశ్న. నాకూ సిజేరియనే, నాకూ ఆ ఇంజక్షనే, నా తోటి డాక్టరే ఇచ్చింది. చాలా ఏళ్ళు ఉండే నడుం నొప్పికి ఆ సూది కారణమని తేలలేదు. సూది పడినచోట కొన్ని రోజులు నొప్పిగా ఉంటుంది, అంతే. గర్భంలో కీళ్ళని పట్టి ఉంచే లిగమెంట్లు (బంధనాలు) వదులవుతాయి, తర్వాత బిడ్డని వంగి ఎత్తుకోవడం, కూర్చున్నచోటే వంగిపోయి పాలివ్వడం, వ్యాయామం లేకపోవడం, వీటి వల్ల వస్తుంది. మామూలు కాన్పు అయినవాళ్ళకీ వస్తుంది, వాళ్ళని అడగండి. వీపు వెనక దిండు పెట్టుకుని, బిడ్డని రొమ్ము దగ్గరకి తెచ్చుకోవాలి గానీ రొమ్ముని బిడ్డ దగ్గరకి వంచకూడదు.

ఇంజక్షన్ వల్ల నిజంగా వచ్చేది తలనొప్పి. లేచి కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గేది, సాధారణంగా మొదటి మూడు రోజుల్లో మొదలవుతుంది. ఇప్పటి సన్న సూదులతో తగ్గిపోయింది. వస్తే దానికి చికిత్స ఉంది, ఓర్చుకోనక్కర్లేదు. పడుకున్నా తగ్గని తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ ఉంటే పైన పీజీ అమ్మాయి చెప్పినట్టు వెంటనే పరుగెత్తాలి.

మత్తు ఇచ్చాక పాలు పారబోయాలి అని కూడా అంటారు. తల్లి పూర్తిగా తెలివిలోకి వచ్చి బిడ్డని పట్టుకోగలిగితే పాలివ్వొచ్చు, పారబోయక్కర్లేదు.

గోదారి_గట్టు
ఇది మా అక్కకి చూపిస్తాను. తిట్టడానికి ఆవిడ ఇంకొకరిని వెతుక్కోవాలి, బావగారూ జాగ్రత్త.

రాత్రిపాళీ
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతాను. నేనూ డాక్టర్నే. బాబు పుట్టిన తర్వాత నాకు వాడిని చూస్తే ఏమీ అనిపించేది కాదు. ఏడుస్తుంటే దూరంగా ఉన్న వార్డులో ఎవరో ఏడుస్తున్నట్టు ఉండేది. నిద్ర పట్టేది కాదు, వాడు నిద్రపోతున్నప్పుడు కూడా. ఓపీలో ఇలాంటి తల్లిని చూస్తే ఒక్క నిమిషంలో పోల్చేదాన్ని, నా గురించి ఎవరికీ చెప్పలేకపోయాను, డాక్టర్లకే ఇలా అయితే అనుకుంటారని. మా ఇంట్లో "పాలు పడటం లేదు, అందుకే చిరాకు" అన్నారు. మా ఆయన పట్టుబట్టి తీసుకెళ్ళాడు. ఇప్పుడు బాగున్నాను. ఓరుగల్లు అమ్మాయీ, ఇది నీకోసం రాస్తున్నాను.

మత్తు_డాక్టరమ్మ
రాసినందుకు చాలా థ్యాంక్స్ అండీ. ఈ చర్చలో అన్నిటికంటే పనికొచ్చే మాట ఇదే.

మూడో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం, మనసు అటూ ఇటూ ఊగడం చాలామందికి ఉంటుంది, నాకూ వచ్చింది, రెండు వారాల్లో పోతుంది. అంతకుమించి ఉంటే, బిడ్డ మీద మనసు కలవకపోతే, తనకో బిడ్డకో హాని చేసే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కాన్పు తర్వాతి డిప్రెషన్‌ని పసిగట్టడానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నలు ఉంటాయి, ఐదు నిమిషాల పని, టీకాకి బిడ్డని తీసుకెళ్ళిన రోజే తల్లినీ అడగాలి, మనం అడగం. పాలిస్తూ వేసుకోగలిగే మందులు ఉన్నాయి, పాలు మానేయాలేమో అని భయపడి చికిత్స ఆపుకోవద్దు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఓరుగల్లు_పీజీ
రాత్రిపాళీ అక్కా, మా ఆయనకి మీ పోస్టు చదివి వినిపించాను. నాలో అలాంటి మార్పు కనిపిస్తే నన్ను అడగకుండానే తీసుకెళ్ళమని చెప్పాను.

ఇంకో సందేహం, మాకు టీబీ వార్డు పోస్టింగ్ ఉంది వచ్చే నెల. అడిగి మార్పించుకుంటే మళ్ళీ "ప్రివిలేజ్" అంటారు.

మత్తు_డాక్టరమ్మ
అననీ. కఫంలో టీబీ క్రిములున్న పేషెంట్లు దగ్గే వార్డు నుంచి నీ పోస్టింగ్ మార్చమని రాసివ్వు, బదులు ఇంకో వార్డు చేస్తానని అందులోనే రాయి. తప్పనిసరై వెళ్తే ఎన్95 సరిగ్గా బిగించుకుని, కిటికీలు తీయించి. నీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందో లేదో అమ్మని అడుగు, పోయకపోతే ఆ కేసుల దగ్గరికి వెళ్ళకు. ఫ్లూ టీకా వేయించుకో, 27 నుంచి 36 వారాల మధ్య టీడ్యాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు టీకా). ఎక్స్‌రే, సీ-ఆర్మ్ (ఆపరేషన్ జరుగుతుండగా వాడే ఎక్స్‌రే యంత్రం) ఉన్న గదుల్లో నిలబడాల్సి వస్తే గర్భం సంగతి ముందే చెప్పు, నేను ఓటీలో మొదటి నెలల్లోనే చెప్పేశాను, సీ-ఆర్మ్ కేసులు వేరేవాళ్ళకి వేశారు, నేను వాళ్ళ అర్ధరాత్రి సిజేరియన్లు కొన్ని తీసుకున్నాను.

ఆర్థో_బాబు
సీ-ఆర్మ్ ఎక్కువ వాడేది మా ఎముకల ఓటీలోనే. మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా చెప్తే ఆ కేసులు నేను చూసుకుంటాను. సెలవులో ఉన్నావిడకి ఈరోజు ఫోన్ చేశాను. బదులు మనిషి కోసం రాసే కాగితం మీద ఆవిడా సంతకం పెడతానన్నారు.

సీతాఫలం
శభాష్ బాబూ. ముందు నీ మీద అరిచినందుకు ఏమీ అనుకోకు.

స్టాఫ్‌నర్స్_రాయలసీమ
మేడం ఒక చిన్న సందేహం, మా చెల్లి ఈమధ్యే డ్యూటీలో చేరింది. డీప్ ఫ్రీజర్‌లో దాచిన పాలు తీస్తే సబ్బు వాసన వస్తున్నాయంట, పాప తాగట్లేదు. చెడిపోయినట్టా? అంత కష్టపడి తీసిన పాలు పారబోయడానికి చేయి రావట్లేదంట.

మత్తు_డాక్టరమ్మ
పారబోయనివ్వకండి. పాలలోనే లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, కొందరి పాలలో అది కొవ్వుని త్వరగా విడగొట్టేస్తుంది, అందుకే ఆ వాసన. చెడిపోయినట్టు కాదు, బిడ్డకి హాని లేదు, కొందరు పిల్లలు తాగేస్తారు, కొందరు ముఖం తిప్పేస్తారు. ఉన్నవాటిని తాజా పాలతో కలిపి కొంచెం కొంచెంగా పట్టి చూడమనండి. ఇకమీద తీసినవి, ఫ్రీజర్‌లో పెట్టేముందు గిన్నె అంచున చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేసి, మరగనివ్వకుండా దించి, వెంటనే చల్లార్చి పెడితే వాసన రాదు. ముందు కొద్దిగా పెట్టి నాలుగు రోజుల తర్వాత వాసన చూడమనండి, అది బాగుంటే మిగతావి. పుల్లటి వాసన వస్తే మాత్రం వాడొద్దు. కరిగించిన పాలు ఫ్రిజ్‌లో ఉంచి 24 గంటల్లో వాడేయాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు.

మీ చెల్లి పనిచేసే చోట పంప్ చేసుకోవడానికి గది ఉందా? లేకపోతే నేను రాసిచ్చిన కాగితం ఇక్కడ పెడతాను, ఊరూ పేరూ మార్చి వాడుకోండి.

స్టాఫ్‌నర్స్_రాయలసీమ
లేదు మేడం, పెట్టండి. తనొక్కతే కాదు, అక్కడ ఇంకో నలుగురు ఉన్నారు, అందరి సంతకాలూ పెట్టిస్తాను.